ఆగే పని, ఆగని పని

జూన్ రెండోవారంలో బడులు తెరిచిన రోజు నుంచి దీపావళి దీపాలు కొండెక్కేదాకా సికింద్రాబాద్‌లో సంసారాలకు తెరిపి ఉండదు. పిల్లల పుస్తకాలకు అట్టలు వేయడం పూర్తికాకముందే ఆషాఢం వస్తుంది, లష్కర్ బోనాలు వస్తాయి. ఆ వెనకే శ్రావణమాసపు నోములు, పెళ్ళిళ్ళు, వినాయక చవితి, బతుకమ్మ, దసరా. రెజిమెంటల్ బజార్ లాంటి చోట ఈ ఒత్తిడి ఇంకాస్త ఎక్కువ. రైల్వే స్టేషన్ పక్కనే కాబట్టి ఊళ్ళ నుంచి వచ్చే చుట్టాలకు మొదటి మజిలీ ఇక్కడి ఇళ్ళే. ఉజ్జయినీ మహంకాళి గుడి దగ్గరే కాబట్టి జాతర రోజుల్లో వచ్చిపోయేవాళ్ళకు లెక్కుండదు. సరిగ్గా ఈ నెలలే వానాకాలం కూడా. ఇంట్లో మనుషులకు తీరిక లేనప్పుడే మేడ మీద, వాకిట్లో, పిట్టగోడల్లో, నీళ్ళ డ్రమ్ముల్లో పని పెరుగుతుంది. ఈ రద్దీలో మనం పనుల వరుసను కంటికి కనిపించేదాన్ని బట్టి పెట్టుకుంటున్నాం. అది తలకిందుల వరుస అని నా నమ్మకం. ఆగితే పెరిగే పని ఏది, ఆగినా అంతే ఉండే పని ఏది అని ముందు తేల్చుకుని, మొదటి రకాన్ని ఏ పండగ వచ్చినా వదలకుండా, రెండో రకాన్ని నిర్మొహమాటంగా పక్కన పెట్టాలి.

ఆగినా అంతే ఉండే పనులు ఇంట్లో చాలా ఉన్నాయి. అటక మీది ఇత్తడి గుండిగలు శ్రావణానికి ముందు తోమినా, దసరా తర్వాత తోమినా అదే చింతపండు, అదే శ్రమ. షోకేసు మీద దుమ్ము రెండు నెలలు పేరుకున్నా దాన్ని తుడవడానికి పట్టే సమయం రెట్టింపు కాదు. కర్టెన్లు, కిటికీ అద్దాలు, బీరువాలో బట్టల సర్దుడు, కుండీలకు జాజు పూయడం, ఇవన్నీ ఓపిక పట్టే పనులే. మేడ మీద వాన నీళ్ళు దిగే గొట్టం అలా కాదు. దాని నోటికి అడ్డుపడిన ఆకుల్ని జూన్‌లో చేత్తో తీసేయొచ్చు. తీయకపోతే జులైలో స్లాబు మీద నీళ్ళు నిలుస్తాయి, ఆగస్టులో లోపలి గోడకు చెమ్మ దిగుతుంది, దసరాకు మేస్త్రీని పిలవాల్సి వస్తుంది. పిట్టగోడ పగుల్లో పిట్టలు రాల్చిన విత్తనం నుంచి మొలిచిన రావిమొక్కను మొదటి వానల్లో రెండు వేళ్ళతో పీకేయొచ్చు. డంగుసున్నంతో కట్టిన పాత గోడైతే ఏడాది రెండేళ్ళలో వేర్లు లోపలికి దూరి ఇటుకల్ని విడదీస్తాయి, పైన ఎంత నరికినా మళ్ళీ చిగురిస్తుంది. పాత కట్టడాలు ఇంకా మిగిలి ఉన్న బస్తీల్లో ఇది చిన్న సంగతి కాదు. అయినా పండగ ముందు చాలా ఇళ్ళల్లో షోకేసు మెరుస్తుంది, రావిమొక్క పెరుగుతుంది. చుట్టాలు షోకేసు ఎదురుగా కూర్చుంటారు, మేడ ఎక్కరు.

ఆగని పనుల్లో అన్నిటికంటే ముందు చెప్పుకోవాల్సింది నిలవనీళ్ళ సంగతి. ఆ మాట చెప్పడానికి సికింద్రాబాద్‌ను మించిన చోటు లేదు. 1897 ఆగస్టు 20న ఇక్కడి బేగంపేటలోనే సైనిక వైద్యుడు రోనాల్డ్ రాస్ దోమ పొట్టలో మలేరియా క్రిమిని గుర్తించాడు. ఆ పరిశోధనకు 1902లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ గుర్తింపు తర్వాత రాస్ తన దృష్టిని ఎటు మళ్ళించాడో మాత్రం మనం అంతగా తలుచుకోము. అదే 1902లో ఆయన దోమల నిర్మూలన దళాలను ఎలా నడపాలో చెప్పే చిన్న పుస్తకం వేశాడు. అందులోని పని చాలా మామూలుది. ఇంటింటికీ తిరిగి కుండలూ డబ్బాలూ బోర్లించడం, గుంటలు పూడ్చడం, నీళ్ళు పారేలా చేయడం, కొన్నాళ్ళకు మళ్ళీ వచ్చి అదే పని చేయడం. ఈరోజు మనల్ని ఎక్కువగా భయపెడుతున్న డెంగీ వేరే దోమ వల్ల వస్తుంది, అది పగటి పూట కుట్టే ఈడిస్. ఇంటి చుట్టూ చిన్నచిన్న పాత్రల్లో నిలిచిన తేటనీళ్ళే దానికి ఇష్టం. గుడ్డు నుంచి రెక్కల దోమ కావడానికి ఈ వాతావరణంలో వారం నుంచి పది రోజులు చాలు. గుడ్లు పాత్ర లోపలి గోడకు, నీటిమట్టానికి కాస్త పైన అతుక్కుని ఉంటాయి. నీళ్ళు పారబోసినా అవి ఎండి నెలల తరబడి బతికే ఉంటాయి, మళ్ళీ నీళ్ళు తగలగానే పొదుగుతాయి. అందుకే డ్రమ్ము వంచితే సరిపోదు, లోపల పీచుతో రుద్దాలి. అది కూడా వారానికోసారి. ఈ పనికి గడువు పెట్టింది దోమ. మన ఇంట్లో పెళ్ళి ఉందని అది ఆగదు.

పైగా మన రద్దీయే ఈ పనిని పెంచుతుంది. నగరంలో చాలా ప్రాంతాలకు నల్లా రోజు విడిచి రోజు వస్తుంది కాబట్టి చుట్టాలు వస్తున్నారంటే ఒక డ్రమ్ము ఎక్కువ నింపుతాం. పండగ అయ్యాక ఆ అదనపు డ్రమ్ము సగం నీళ్ళతో మూలన ఉండిపోతుంది. ఎండాకాలంలో వాడిన కూలర్‌ను జూన్‌లో ఆపేస్తాం, అడుగున నీళ్ళు అలాగే ఉంటాయి. మేడ మీద విందు పెడితే ప్లాస్టిక్ గ్లాసులు, విస్తరాకులు, టెంటు పట్టాల మడతలు వానకు చిన్న చిన్న తొట్లు అవుతాయి. కొట్టిన కొబ్బరికాయల చిప్పలు ఏ మూలనో పడి ఉంటే వాటిలోనూ నీళ్ళే. ఫ్రిజ్ వెనక ట్రే, మనీప్లాంట్ సీసా, కుండీ కింద పళ్ళెం కూడా ఈ లెక్కలోవే. వాకిలి లేదు, పెరడు లేదు, అపార్టుమెంటులో మాకు బయటి పని ఏముంటుందని అనేవాళ్ళకు ఇదే నా జవాబు. రెండు గదుల ఇంటికి కూడా ఒక బాల్కనీ ఉంది, ఒక కూలర్ ఉంది, పదిమందికి ఉమ్మడిగా ఒక మేడ ఉంది.

పండగకు ఇల్లు కడగడం భక్తి అని, దాన్ని ఆగే పనుల్లో వేయడం తగదని కొందరు అంటారు. ఆ మాటను తేలిగ్గా తీసుకోను. గడపకు పసుపు, వాకిట్లో ముగ్గు, దేవుడి గది శుభ్రత ఎవరూ వదులుకోనక్కర్లేదు, అవి చేసేవాళ్ళకు అలసట కంటే తృప్తి ఎక్కువ. కానీ లష్కర్ బోనాల పుట్టుకను ఒకసారి గుర్తు చేసుకుందాం. 1813లో ఇక్కడ మహమ్మారి ప్రబలి జనం చనిపోతుంటే, అప్పట్లో సైనిక దళంతో ఉజ్జయినిలో ఉన్న సురిటి అప్పయ్య అక్కడి మహంకాళికి మొక్కుకున్నాడని, తిరిగి వచ్చి 1815లో ఇక్కడ అమ్మవారిని ప్రతిష్ఠించాడని తరతరాలుగా చెప్పుకుంటున్నాం. అంటే ఈ జాతర మూలమే వానాకాలపు జబ్బుల భయంలో ఉంది. పసుపు నీళ్ళు, వేపమండలు ఆ భయానికి ఆనాటి మనుషులు వెతుక్కున్న జవాబులు. అమ్మవారికి సాక పోసే ఇంట్లో డ్రమ్ము కూడా రుద్దితే ఆ మొక్కుకు అదేమీ దూరం కాదు, దానికి చాలా దగ్గర. శుక్రవారం గడప కడిగే అలవాటు ఇప్పటికే ఉంది. ఆరోగ్యశాఖ వాళ్ళు డ్రై డే అని చెప్పేది కూడా శుక్రవారమే. ఆ ఉదయపు నీళ్ళపని గడప దగ్గర ఆగకుండా మేడ దాకా వెళ్తే చాలు.

ఇంతకంటే బలమైన అభ్యంతరం ఇంకొకటి ఉంది. ఒకసారి వదిలేస్తే అలవాటు తప్పుతుంది, నాలుగు నెలలు తుడవని ఇల్లు అయిదో నెలలోనూ తుడవరు అన్నది. ఇందులో నిజం ఉంది. చిందరవందర ఇల్లు మనసు మీద బరువు వేస్తుందన్నదీ నిజమే, అలసి వచ్చిన మనిషికి కనీసం ఒక్క చోటైనా సర్ది ఉండాలి. వంటగట్టు, పడుకునే మంచం ఆ చోట్లు కావచ్చు. కానీ చెప్పకుండా జారిపోయిన పనికీ, తేదీ వేసి వాయిదా వేసిన పనికీ చాలా తేడా ఉంది. కర్టెన్లు దసరా సెలవుల్లో, అటక కార్తీకంలో అని క్యాలెండర్ మీద రాసి పెట్టుకున్న ఇల్లు బద్ధకపు ఇల్లు కాదు. నిజానికి అలవాటు తప్పేది అన్నీ చేయాలని పట్టుబట్టిన చోటే. మొత్తం ఇల్లు కడిగే శక్తి లేనినాడు ఏదీ చేయబుద్ధి కాదు. ఏ నాలుగు పనులు తప్పనిసరో తెలిసిన మనిషి ఆ నాలుగూ చేసి నిశ్చింతగా పడుకోగలదు. నేను తప్పనిసరి అనుకునేవి ఇవే: నిలవనీళ్ళు, గొట్టాలూ మోరీలూ, తడి చెత్త, వంటగదిలో అంట్లు. చెమ్మకు బూజుపట్టే బట్టలు, పురుగుపట్టే బియ్యం ఆ తర్వాత. చిన్నపిల్లలు, పెద్దవాళ్ళు ఉన్న ఇంట్లో ఇంకొకటి రెండు చేరతాయి. అంతకుమించి పెరిగితే అది మళ్ళీ మామూలు రోజుల జాబితా అయిపోతుంది.

డబ్బు పెడితే తీరిపోతుంది కదా, మనిషిని పెట్టుకోండి, మెషిన్ కొనుక్కోండి అనే వాదన ఎప్పుడూ ఉండేదే. పనికి వచ్చే ఆమెకూ అదే వారం బోనాలు, ఆమె ఇంటికీ చుట్టాలు వస్తారు. మన రద్దీ, ఆమె రద్దీ ఒకే తేదీల్లో పడతాయి కాబట్టి సరిగ్గా అవసరమైన రోజునే ఆమె సెలవు తీసుకుంటుంది. తీసుకోవాలి కూడా. ఇక మెషిన్ల సంగతి. అమెరికా చరిత్రకారిణి రూత్ ష్వార్ట్జ్ కోవన్ 1983లో రాసిన పుస్తకంలో ఒక వింతను విప్పి చూపించింది. ఇంట్లోకి యంత్రాలు వచ్చాక ఒళ్ళు హూనమయ్యే కష్టం తగ్గింది కానీ గృహిణి పనిగంటలు తగ్గలేదు. బట్టలు ఉతకడం సులువైంది కాబట్టి తరచుగా ఉతకడం మొదలైంది, ఇతరులు చేసిపెట్టే పని తిరిగి ఇంట్లో ఒక్కరి మీదికి వచ్చింది. మన దగ్గరా అంతే. ఒకప్పుడు చాకలి పట్టుకెళ్ళిన దుప్పట్లు ఇప్పుడు మెషిన్‌లో పడుతున్నాయి, వాటిని వానలో ఆరేసే చోటు వెతకడం మాత్రం ఇంటామె పని. యంత్రం సాయం చేస్తుంది, ఏది ముందో ఏది తర్వాతో అది చెప్పదు.

అసలు ఈ వరుస ఎందుకు మారలేదంటే, దాన్ని తలలో మోసేది ఒక్క మనిషి కాబట్టి. జాతీయ గణాంక కార్యాలయం 2019 సమయ వినియోగ సర్వే ప్రకారం జీతంలేని ఇంటి పని చేసే ఆడవాళ్ళు దాని మీద రోజుకు సగటున 299 నిమిషాలు పెడుతుంటే, చేసే మగవాళ్ళు పెట్టేది 97 నిమిషాలు. 2024 సర్వేలో అవి 289, 88 అయ్యాయి. ఇద్దరివీ తగ్గాయి, మధ్య దూరం మాత్రం దాదాపు అలాగే ఉంది. 2021 జనవరిలో ఒక రోడ్డు ప్రమాద పరిహారం కేసులో సుప్రీంకోర్టు న్యాయమూర్తి ఎన్.వి. రమణ విడిగా రాసిన తీర్పులో ఈ 2019 లెక్కలనే ఉటంకించి, గృహిణి శ్రమకు విలువ కట్టాల్సిందేనని గట్టిగా చెప్పారు. మన తెలుగాయన రాసిన ఆ పేజీలు ప్రతి ఇంట్లో చదవాల్సినవి. ఏం చేయాలో చెప్పు, చేస్తాను అనే మగవాళ్ళు ఇప్పుడు చాలామంది ఉన్నారు. అది చేతులకు సాయమే, కానీ గుర్తుపెట్టుకునే పని మళ్ళీ ఆమెదే. జాబితా నాలుగు పనులకు కుదించినప్పుడు ఒక మేలు జరుగుతుంది. ఒక్కో పనిని ఒక్కో మనిషికి పూర్తిగా, గుర్తుపెట్టుకోవడంతో సహా, అప్పగించవచ్చు. డ్రమ్ములూ కూలరూ నాన్నవి, గొట్టాలు డిగ్రీ చదివే అబ్బాయివి, కుండీల పళ్ళేలు చిన్నదానివి. శుక్రవారం ఎవరూ ఎవరికీ గుర్తు చేయకూడదు. మరిచిపోతే ఆ మరుపు ఎవరిదో అందరికీ తెలుస్తుంది.

మునిసిపాలిటీ ఉండగా ఇదంతా మనకెందుకు అనే మాట మిగిలింది. బయటి నాలాలు, రోడ్డు గుంతలు, చెత్తబండి వాళ్ళ బాధ్యతే, అందులో సందేహం లేదు, అడగాలి కూడా. కానీ ఏ శాఖ సిబ్బందీ ప్రతి వారం ప్రతి మేడా ఎక్కలేరు. 2020 మేలో అప్పటి పురపాలక మంత్రి కె. తారక రామారావు ప్రతి ఆదివారం పది గంటలకు పది నిమిషాలు అనే పిలుపు ఇచ్చినప్పుడు అడిగింది అంతే, ఇంట్లో నిలవనీళ్ళను వారానికోసారి చూసుకోమని. ఒక్క ఇంటికైతే ఆ పది నిమిషాలు నిజంగా చాలు. చిక్కంతా ఉమ్మడి మేడలది, ఉమ్మడి వాకిళ్ళది. నాలుగు అంతస్తుల ఇంట్లో ఏ వారం ఏ అంతస్తు వాళ్ళు మేడ చూడాలో జూన్ మొదటి వారంలోనే రాసి మెట్ల దగ్గర అంటించాలి. దీపావళి దాకా ఒక్కో అంతస్తుకు అయిదారు సార్లకు మించి వంతు రాదు. ఎవరింట్లోనైనా పెళ్ళి ఉంటే వంతు మార్చుకోవచ్చు. మేడకు తాళం వేసి ఉంచే ఇంటి ఓనరు మాత్రం ప్రతి శుక్రవారం తానే ఎక్కి చూడాలి, లేదంటే ఆ వానాకాలమంతా తాళంచెవి కిరాయికి ఉన్నవాళ్ళ దగ్గర ఉంచాలి.