కొవ్వును కొలిచే యంత్రం నిజానికి కొలిచేదేమిటి?

సూరత్ రింగ్ రోడ్ బట్టల మార్కెట్ల గురించి మీలో చాలామంది వినే ఉంటారు. తెలంగాణ నుంచి వెళ్లిన పద్మశాలి కుటుంబాలు ఎన్నో ఆ నగరంలో మరమగ్గాల మీద ఆధారపడి బతుకుతున్నాయి. అక్కడ పోగు సన్నదనాన్ని డెనియర్లలో చెబుతారు. 9,000 మీటర్ల పోగు ఎన్ని గ్రాములు తూగితే అన్ని డెనియర్లు. అయితే 75 డెనియర్ అన్నంత మాత్రాన అది పాలిస్టరో, విస్కోసో తెలియదు. ఆ ఒక్క అంకె చూసి ఏ వ్యాపారీ సరుకు కొనడు.

మనిషి దగ్గరకు వచ్చేసరికి మనం సరిగ్గా ఆ పనే చేస్తున్నాం. కిలోల బరువును మీటర్ల ఎత్తు వర్గంతో భాగించి, వచ్చిన బి.ఎం.ఐ. చూసి తృప్తిపడుతున్నాం. పుణె వైద్యుడు చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్ వైద్యుడు జాన్ యుడ్కిన్ తమ శరీరాలనే ఉదాహరణగా 2004లో 'లాన్సెట్' పత్రికలో చూపారు. ఇద్దరి బి.ఎం.ఐ. 22.3. యుడ్కిన్ ఒంట్లో కొవ్వు 9.1 శాతం, యాజ్ఞిక్ ఒంట్లో 21.2 శాతం!

టెస్టోస్టిరాన్ చికిత్సలో ఈ లోపం మరీ ఇబ్బంది పెడుతుంది. ఆ హార్మోను కొవ్వును తగ్గిస్తుంది, కండను పెంచుతుంది. తూకంలో ఒకటి రెండోదాన్ని కప్పేస్తుంది. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో పీటర్ స్నైడర్ బృందం 65 ఏళ్లు దాటిన 108 మంది పురుషులపై మూడేళ్లపాటు జరిపిన అధ్యయనం 1999లో వెలువడింది. హార్మోను పట్టీలు వాడినవారిలో సగటున 3 కిలోల కొవ్వు తగ్గింది, 1.9 కిలోల కొవ్వు లేని కణజాలం పెరిగింది. హార్మోను లేని పట్టీలు వాడినవారిలో ఈ మార్పులు స్వల్పమే. కాటా మీద నిలబెడితే తేలేది కిలో పైచిలుకు తేడా, అంతే. మొదలుపెట్టే ముందే శరీరపు కూర్పును కొలిచి రాసిపెట్టుకోకపోతే, మందు ఏం చేసిందో తరువాత చెప్పేవారుండరు.

సరే, దేనితో కొలవాలి? జిమ్ముల్లో, కొన్ని క్లినిక్కుల్లో చెప్పులు విప్పి ఎక్కమనే యంత్రం మీద నాకున్న అభ్యంతరం ఇక్కడే. అది కొవ్వును చూడదు. పాదాల గుండా స్వల్పమైన విద్యుత్తు పంపి, నిరోధాన్ని కొలుస్తుంది. దాన్నుంచి ఒంట్లో నీరెంతో అంచనా కట్టి, కొవ్వు లేని కణజాలంలో సుమారు 73 శాతం నీరుంటుందన్న లెక్కతో మిగిలినదాన్ని కొవ్వు కింద జమ వేస్తుంది. టెస్టోస్టిరాన్ కొందరిలో ఉప్పును, నీటిని ఒంట్లో నిలుపుతుంది. ఆ నీటిని యంత్రం కండగా లెక్కించి శభాష్ అంటుంది!

మరొక చిక్కు. ఎక్కగానే అది మిమ్మల్ని పురుషుడా, స్త్రీయా అని అడుగుతుంది. సూత్రం దాన్నిబట్టి మారుతుంది. శరీరం అదే, మీట మారితే కొవ్వు శాతం మారిపోతుంది. చికిత్స మొదలుపెట్టబోయే ట్రాన్స్ పురుషుడు ఏ మీట నొక్కాలి? ఏది నొక్కినా, ఏడాది తరువాత కూడా అదే నొక్కాలి. లేదంటే మీట తెచ్చిన మార్పును మందు ఖాతాలో రాసుకుంటాడు.

రెండు శక్తుల ఎక్స్-కిరణాలతో ఎముకను, కొవ్వును, మిగతా కణజాలాన్ని వేరుచేసి చూపే డెక్సా ఇంతకంటే నమ్మదగినది. కానీ అదీ నీటిని కండ నుంచి వేరు చేయలేదు. బలాన్ని అసలే చెప్పదు. స్నైడర్ అధ్యయనంలో కణజాలం పెరిగినా, మోకాలు చాపే బలంలో రెండు బృందాల మధ్య చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. ఈ సంగతి ప్రకటనల్లో కనబడదు లెండి.

నన్నడిగితే ముందు కావలసింది దర్జీ మెడలో వేలాడే టేపు. పురుషులలో నడుము 90 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్తపడాలన్నది భారతీయులకు నిర్ణయించిన హద్దు. కొవ్వు కణజాలం టెస్టోస్టిరాన్‌లో కొంత భాగాన్ని ఈస్ట్రడయోల్‌గా మార్చేస్తుంది. స్థూలకాయంలో ఆ హార్మోనును రక్తంలో మోసుకుపోయే ప్రోటీను కూడా తగ్గుతుంది, కాబట్టి పరీక్షలో మొత్తం అంకె తక్కువగా వస్తుంది. అలాంటివారిలో చాలామందికి బరువు తగ్గితే ఆ అంకె దానంతటదే పెరుగుతుంది. అంటే టేపు కొలత చికిత్స ఫలితాన్ని చూడడానికే కాదు, చికిత్స అవసరమా అని తేల్చడానికి కూడా పనికొస్తుంది.

ఇది పెద్దవాళ్ల గొడవ అనుకోకండి. కండల కోసం జిమ్ము స్నేహితుడి మాట విని ఇంజెక్షన్ వేయించుకునే కాలేజీ కుర్రవాళ్లున్నారు. బయటి నుంచి హార్మోను వస్తోందని గ్రహించగానే పిట్యూటరీ గ్రంథి వృషణాలకు ఆజ్ఞలు పంపడం తగ్గిస్తుంది. వీర్యకణాల ఉత్పత్తి పడిపోతుంది. మందు మానాక అది కోలుకోవడానికి నెలలు పట్టవచ్చు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ. జిమ్ము యంత్రం ఇచ్చే చీటీలో దీనికొక గడి కూడా ఉండదు.