వియ్యాలవారి కాఫీ

మా ఇంట్లో మూడు తరాలుగా కాఫీ లేకపోవడానికి కారణం గాంధీగారు. 1921 ఏప్రిల్ 7న ఆయన పెన్న ఒడ్డున పల్లిపాడులో పినాకిని సత్యాగ్రహ ఆశ్రమం ప్రారంభించారు. మైపాడు సముద్రానికి కాస్త ఇవతల ఉంటుంది మా ఊరు. అక్కణ్ణుంచి మా తాతయ్య నడిచి వెళ్ళి ఆయన్ని చూసొచ్చాడు. వచ్చాక ఖద్దరు కట్టాడు, రాట్నం కొన్నాడు, కాఫీ మానేశాడు. మా నాన్న హయాంలో ఖద్దరు పోయింది, రాట్నం అటకెక్కింది. కాఫీ నిషేధం మాత్రం చెక్కుచెదరలేదు.

1942లో ఆగాఖాన్ ప్యాలెస్ నిర్బంధంలో ఆరోగ్యం మీద రాసిన పుస్తకంలో గాంధీగారు టీ, కాఫీ, కోకో మూడూ ఒంటికి అక్కర్లేనివేనని తేల్చేశారు. అంతకు చాలా ముందే, గోధుమలు ఎర్రగా వేయించి పొడికొట్టి కాచుకోమని కూడా చెప్పారు. మా నాయనమ్మ కాచేది అదే. బెల్లం వేసి, పాలు పోసి ఇచ్చేది. మాకు తెలిసిన కాఫీ అదొక్కటే.

నెల్లూరు ప్రాంతంలో ఉంటూ కాఫీ తాగకపోవడం తేలికేమీ కాదు. 1953 అక్టోబరు 1 దాకా మాది మద్రాసు రాష్ట్రం. ఆ తర్వాత కూడా చదువుకీ, వైద్యానికీ, పెళ్ళి చీరలకీ అందరూ ఎక్కింది మద్రాసు రైలే. వచ్చేటప్పుడు ఫిల్టరూ, డబరా గ్లాసూ, పీబెర్రీ పొడీ సంచుల్లో పెట్టుకొచ్చారు. ట్రంకు రోడ్డు హోటల్లో ఇడ్లీ తిని "కాఫీ వద్దు" అంటే, బిల్లు ఎగ్గొట్టేవాణ్ణి చూసినట్టు చూసేవాడు సర్వరు.

నాకు యాభై దాటాక మా అమ్మాయి పెళ్ళి కుదిరింది. నెల్లూరు స్టోన్‌హౌస్‌పేటలో వియ్యాలవారింటికి వెళ్ళాం. వియ్యపురాలుగారు పొగలు కక్కే డబరా తెచ్చి చేతికిచ్చారు. ఆ ఇంట్లో మొదటిసారి ఇచ్చింది వద్దంటే వంద అర్థాలు తీస్తారు. పైగా పక్కనుంచి మా ఆవిడ కళ్ళతోనే ఆజ్ఞ వేసింది. తాగాను.

మొదట నురగ, ఆ వెనక పాల తీపి. గుటక దిగాక నాలుక మొదట్లో చేదు. కాకరకాయ చేదూ వేపపువ్వు చేదూ ఎరిగినవాణ్ణే. అవి నోట్లో పెట్టగానే బయటపడతాయి. ఇది తాపీగా వచ్చింది, వచ్చాక కదల్లేదు. "ఎట్టా ఉంది అన్నయ్యగారూ?" అన్నారావిడ. "బాగుంది చెల్లెమ్మా" అన్నాను, మర్యాదకి. సాయంత్రం ఆరింటికి తాగిన దానికి అర్ధరాత్రి దాకా కన్ను మూతపడలేదు. ఒంట్లో చేరిన కెఫీన్‌లో సగం పోవడానికే సుమారు అయిదు గంటలు పడుతుంది. కొత్త ఒళ్ళు కాబట్టి ఇంకా గట్టిగా పట్టింది. మర్నాడు పొద్దున పళ్ళు తోముకుంటుంటే ఆ చేదే గుర్తొచ్చింది.

తర్వాత వెళ్ళినప్పుడు తిన్నగా వంటింట్లోకే వెళ్ళి నిలబడ్డాను. చిన్నప్పటి నుంచీ తాగేవాళ్ళెవరూ ఫిల్టరు వంక చూడరు. అది ఇంట్లో గడియారంలా ఒక మూల ఉంటుంది. పెద్దయ్యాక మొదలుపెట్టినవాడికి అన్నీ చూడాలనే ఉంటుంది. పై గిన్నె అడుగున సూదిమొన కన్నాలు. పొడి మరీ మెత్తగా ఉంటే అవి పూడుకుపోతాయి, గరుకైతే నీళ్ళు దూసుకుపోయి డికాక్షన్ పల్చనవుతుంది. పొడి వేసి, బిళ్ళతో తేలిగ్గా అదిమి, మరిగిన నీళ్ళు చుట్టూ తిప్పుతూ పోసి మూత పెట్టాలి. ఆపైన కదిలించకూడదు. ఫిల్టరు నెత్తిన కొట్టినంత మాత్రాన చుక్కలు తొందరగా పడవు. కన్నాలు పూడిపోతే ఖాళీ గిన్నెను పొయ్యి మంట మీద కాసేపు పట్టుకుని కాల్చి కడుగుతారావిడ. డికాక్షన్‌ని మళ్ళీ కాచనివ్వరు, వాసన పోతుందని. పాలే పొంగు రాగానే దించి అందులో పోస్తారు.

చికోరీ సంగతీ అక్కడే తెలిసింది. వేయించిన ఆ వేరు పొడి నీటిని పట్టి ఉంచి, డికాక్షన్‌కి చిక్కదనమూ నలుపూ ఇస్తుంది. కెఫీన్ మాత్రం ఉండదు. మిశ్రమంలో కాఫీ కనీసం 51 శాతం ఉండాలన్నది చట్టం. అంటే ప్యాకెట్లో దాదాపు సగం చికోరీ అయినా తప్పు కాదు. ఆవిడ కొట్లో నిలబడి ఎనభై ఇరవై పాళ్ళలో కలిపించుకుంటారు.

మా ఊళ్ళో అదే పొడితో కాస్తే ఆ రుచి రాలేదు. తేడా నీళ్ళది. రొయ్యల గుంటల పక్క బోర్లలో నీళ్ళు ఉప్పన. పైగా సున్నం గుణమున్న నీళ్ళు కాఫీలోని సన్నటి పులుపుని చంపేస్తాయి. అందుకని కాఫీకి క్యాన్ నీళ్ళు వాడుతున్నాం. గింజలు చిక్కమగళూరువో, దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తున నీడ చెట్ల కింద పండే అరకువో. చికోరీ గుజరాత్, ఉత్తరప్రదేశ్ పొలాలది. గ్లాసులో మా ఊరిదంటూ ఉన్నది గేదె పాలొక్కటే.

తాతయ్య కాఫీ వద్దన్నది రుచి నచ్చక కాదట. తెల్లారి లేచి ఒక గ్లాసు కోసం చూసే మనిషి జైలుకి ఎట్టా పోతాడు అనేవాడని నాన్న చెప్పేవాడు. ఆ ప్రశ్న ఇప్పటికీ సరైనదే. ఏకాదశినాడు అన్నం మానేవాళ్ళున్నారు గానీ కాఫీ మానేవాళ్ళు తక్కువ. మానితే మధ్యాహ్నానికి తల పగిలిపోతుంది. రోజూ కెఫీన్‌తో కుదించుకుపోయే మెదడు రక్తనాళాలు అది అందని రోజు విప్పారడమే దానికి కారణం. పసితనాన పాలల్లో అమ్మ నాలుగు చుక్కలు కలిపి ఇచ్చిననాడే ఆ బేరం కుదిరిపోయింది. వాళ్ళనెవరూ అడగలేదు.

నన్ను అడిగారు, నేను ఒప్పుకున్నాను. పొద్దున ఒక గ్లాసు. మధ్యాహ్నం దాటితే ముట్టను. అప్పుడప్పుడూ కావాలనే ఒక రోజు ఫిల్టరు బోర్లించి పెడతాను. తల నొప్పి పెట్టకపోతే మర్నాడు యథాప్రకారం. పెడితే పొడి ఒక చెంచా తగ్గిస్తాను. ముదిరాక నేర్చుకున్న విద్యలో ఉన్న సుఖం ఇదే: ఎంతవరకన్నది మనమే గీసుకోవచ్చు.