పేరు చూసి కాదు, నేల చూసి

ఎడిన్‌బరోకో డండీకో చదువు మీదో ఉద్యోగం మీదో వెళ్తున్న గోల్ఫ్ పిచ్చివాడికి హైదరాబాద్ మిత్రులు ముందుగా చెప్పేది ఒకటే: సెయింట్ ఆండ్రూస్‌లో ఆడి ఫోటో పంపమని. ఆడాల్సిందే, పంపాల్సిందే. అయితే ఏడాది పొడుగునా, వానలోనూ చలిలోనూ, వారానికి రెండు మూడు సార్లు ఆడుకోవడానికి ఏ మైదానాన్ని పట్టుకోవాలన్నది పూర్తిగా వేరే ప్రశ్న.

స్కాట్లండ్ జనాభా సుమారు 55 లక్షలు. గోల్ఫ్ కోర్సులు 550కి పైనే. పదివేల మందికి ఒకటి చొప్పున ఉన్నట్టు లెక్క. మన దగ్గర ఆడటానికి చోటు దొరకదు, అక్కడ ఎక్కడ ఆడాలో తేలదు. నా సలహా మాత్రం సూటిగానే ఉంటుంది: సముద్రం ఒడ్డున ఇసుక నేల మీద ఉన్న లింక్స్ కోర్సు, అందులోనూ ఊరి ఉమ్మడి సొత్తుగా ఉన్నది, ఇంటి నుంచి బస్సులోనో రైల్లోనో తేలిగ్గా చేరగలిగేది వెతుక్కోండి. ఎందుకో చెప్పాలంటే ముందు నేల సంగతి చెప్పుకోవాలి.

మంచుయుగం ముగిశాక స్కాట్లండ్ తీరంలో చాలాచోట్ల సముద్రం వెనక్కి తగ్గి, ఊరికీ అలలకీ మధ్య ఇసుక మేటలు మిగిలాయి. పంట పండని నేల అది. గొర్రెలు, కుందేళ్లు మేసి మేసి అక్కడి సన్నగడ్డిని నేలకు అంటుకుపోయేలా చేశాయి. ఫెస్క్యూ అనే ఆ గడ్డికి ఎరువూ నీరూ పెద్దగా అక్కర్లేదు. కింద ఇసుక కాబట్టి పడిన వాన పడినట్టే ఇంకిపోతుంది. ఊరి లోపలి వైపు, చెట్ల మధ్య, బంకమట్టి మీద వేసిన పార్క్‌లాండ్ కోర్సులు వేసవిలో ఎంతో అందంగా ఉంటాయి. నవంబరు దాటితే వాటిలో చాలా వాటికి కాళ్లు దిగబడతాయి. అసలు గ్రీన్లు మూసేసి, ఫెయిర్‌వే మీదే తాత్కాలికంగా గుంట తవ్వి ఆడిస్తారు. లింక్స్ మాత్రం మంచు గడ్డకట్టిన రోజులు తప్పిస్తే చలికాలమంతా ఆటకు పనికొస్తుంది. నిత్య సాధన కోసం వెతికేవాడికి ఈ ఒక్క కారణం చాలు.

వెలుతురు లెక్క కూడా ముందే వేసుకోవాలి. జూన్‌లో అక్కడ రాత్రి పది దాకా బంతి కనిపిస్తుంది, ఆఫీసు అయ్యాక 18 గుంటలూ నింపాదిగా ఆడుకోవచ్చు. డిసెంబరులో మధ్యాహ్నం నాలుగు కాకముందే పొద్దు గుంకుతుంది. రానూపోనూ రెండు గంటలు తినేసే మైదానం ఎంత గొప్పదైనా చలికాలంలో మీకు శనాదివారాల ముచ్చటే అవుతుంది. ఆ శనివారం కూడా క్లబ్బుల నెలవారీ మెడల్ పోటీ ఉంటే పొద్దున పూట బయటివాళ్లకు చోటు ఉండదు. అందుకే మైదానం ఎలా ఉందని అడిగే ముందు, మెడల్ ఏ రోజున అని అడగండి.

ఇక ఆట. గోల్కొండ నయా ఖిల్లాలో కోట గోడల పక్కనో, గచ్చిబౌలి బండరాళ్ల మధ్యనో నేర్చుకున్నవాడి చేతికి అలవాటైన షాట్ ఒకటుంటుంది: బంతిని ఎత్తుగా లేపి, నీళ్లు పట్టిన గ్రీన్ మీద దించి, దిగిన చోటే ఆపడం. లింక్స్ మీద ఆ షాట్ మొదటి వారంలోనే మోసం చేస్తుంది. ఎత్తుకు లేచిన బంతిని గాలి ఎత్తుకుపోతుంది. గాలి వదిలేసినా గట్టి నేల దాన్ని గ్రీన్ మీద నిలవనివ్వదు, వెనకవైపు పొదల్లోకి తన్నేస్తుంది. పైగా నేల అంత గట్టిగా, గడ్డి అంత పొట్టిగా ఉన్నచోట వెడల్పాటి అడుగున్న శాండ్ వెడ్జ్ బంతి కిందికి దూరదు, నేలకు తగిలి ఎగిరి బంతిని నడిమికి కొడుతుంది. బంతి గ్రీన్ దాటి ఎక్కడో తేలుతుంది.

అక్కడివాళ్ల పద్ధతి వేరు. గ్రీన్‌కు పాతిక ముప్ఫై గజాల దూరంలో ఉన్నా వెడ్జ్ తియ్యరు. ఏడో నంబరో ఎనిమిదో నంబరో ఐరన్ తీసి, పుట్టింగ్ చేసినట్టే మణికట్లు కదపకుండా చిన్నగా తట్టి, గ్రీన్‌కు ఇవతల చదునుగా ఉన్న చోట బంతిని ఒక్కసారి నేలకు తాకించి, మిగతా దూరమంతా దొర్లిస్తారు. దీన్ని బంప్ అండ్ రన్ అంటారు. చూడటానికి ఇందులో గొప్పతనమేమీ కనిపించదు. కష్టమంతా కొట్టే ముందు చూసే చూపులో ఉంది. వీధిలో గోళీలాడిన పిల్లవాడు బద్దెకూ తన గోళీకీ మధ్య నేల ఎటు వాలిందో, ఎక్కడ గతుకుందో ముందే కళ్లతో కొలుచుకుంటాడే, సరిగ్గా ఆ చూపు కావాలి. ఇంకా తేలిక దారి, గ్రీన్ బయట నుంచే పుట్టర్ వాడటం. మన ఎండలకు తట్టుకునే బెర్ముడా గడ్డి మీద అంత దూరం నుంచి పుట్టర్ తీస్తే పక్కవాడు నవ్వుతాడు. అక్కడ ఎవరూ నవ్వరు, చాలాసార్లు తెలివైన పని అదే.

గాలిని ఎదుర్కోవడం రెండో విద్య. ఎదురుగాలి వీస్తుంటే కొత్తవాడు చేసే మొదటి పని బలంగా కొట్టడం. ఎంత బలంగా కొడితే బంతికి వెనక్కి తిరిగే సుడి అంత ఎక్కువవుతుంది, అది అంత పైకి లేస్తుంది, గాలికి అంత సులువుగా దొరుకుతుంది. తెలిసినవాడు మామూలు రోజున ఏడో నంబరు కొట్టే చోట ఐదో నంబరు తీస్తాడు. పట్టు కిందికి దింపి, బంతిని కుడికాలి వైపు కాస్త జరిపి, ముప్పాతిక స్వింగ్‌తో నెమ్మదిగా కొట్టి, చేతులు భుజం దాకా లేవకముందే ఆపేస్తాడు. బంతి ఛాతీ ఎత్తులో వెళ్లి పడి పరిగెడుతుంది. పాత లింక్స్ చాలా వాటిలో తొమ్మిది గుంటలు ఊరి నుంచి దూరంగా, తొమ్మిది తిరిగి ఊరివైపు ఉంటాయి. వెళ్లేటప్పుడు ఎదురైన గాలి వచ్చేటప్పుడు వీపున తోస్తుంది. మర్నాడు గాలి మారితే నిన్నటి మైదానం ఉండదు. ఒకే కోర్సులో రోజూ ఆడినా విసుగు పుట్టకపోవడానికి రహస్యం ఇదే.

మూడోది బంకర్ల దగ్గర వినయం. లింక్స్ బంకర్లు చిన్న గోతులు, పచ్చిక పెళ్లలు ఒకదానిపై ఒకటి పేర్చి కట్టిన నిటారు గోడలు. లోపల పడ్డాక జెండా వైపు చూడటం మానేసి, బయటపడే దారి ఎటుందో చూడాలి. పక్కకు, ఒక్కోసారి వెనక్కి కొట్టాలి. 1978 ఓపెన్‌లో జపాన్ ఆటగాడు టామీ నకజిమా సెయింట్ ఆండ్రూస్ 17వ గుంట దగ్గర రెండు షాట్లలోనే గ్రీన్ చేరాడు. పుట్ చేస్తే బంతి దొర్లిపోయి రోడ్ బంకర్‌లో పడింది. బయటికి తియ్యడానికి నాలుగు దెబ్బలు పట్టాయి, ఆ గుంటకు తొమ్మిది రాసుకున్నాడు. అంతటివాడికే అలా అయిందంటే మనం పక్కకు కొట్టడంలో నామోషీ ఏముంది?

ఈ విద్యలన్నీ పుస్తకం నుంచి రావు, వారం పది రోజుల విహారయాత్రలోనూ రావు. అందుకే ఇంటి దగ్గరి లింక్స్ అంటున్నాను.

ఊరి ఉమ్మడి సొత్తు అన్నానే, దానికి పెద్ద చరిత్రే ఉంది. 1457లో రెండో జేమ్స్ రాజు కాలంలో పార్లమెంటు గోల్ఫ్‌నూ ఫుట్‌బాల్‌నూ నిషేధించింది. కుర్రాళ్లు విలువిద్య సాధన మానేసి వీటి వెంట పడుతున్నారని దిగులు. 1502కల్లా నాలుగో జేమ్స్ రాజే పెర్త్‌లో విల్లులు చేసేవాడి దగ్గర గోల్ఫ్ కర్రలు కొనుక్కున్నాడు. సెయింట్ ఆండ్రూస్‌లో ఊరి జనానికి ఇసుక నేల మీద ఆడుకునే హక్కు ఉందని 1552 నాటి ఆర్చిబిషప్ జాన్ హామిల్టన్ పత్రం ఒప్పుకుంది. 1797లో ఊరి కౌన్సిల్ దివాలా తీసి ఆ నేలను అమ్మేస్తే, కొన్నవాళ్లు కుందేళ్ల పెంపకం పెట్టారు. ఆటగాళ్లకూ కుందేళ్ల యజమానులకూ ఏళ్ల తరబడి తగాదాలు నడిచి, 1821లో జేమ్స్ చీప్ అనే స్థానిక భూస్వామి, గోల్ఫ్ ప్రియుడు, ఆ నేల కొనడంతో ఆట నిలిచింది. 1974 నుంచి చట్టం ద్వారా ఏర్పడిన ట్రస్టు అక్కడి కోర్సులను నడుపుతోంది. ఇప్పుడవి ఏడు.

దీనివల్ల మనవాళ్లకు కొత్తగా తోచే సంగతి ఒకటుంది. మన దగ్గర క్లబ్బు అంటే కోర్సు, కోర్సు అంటే క్లబ్బు. సభ్యత్వానికి ఏళ్లు వేచి ఉండాలి. సెయింట్ ఆండ్రూస్‌లో, కార్నూస్టీలో కోర్సు అందరిదీ. క్లబ్బులు దాని పక్కన ఒక ఇల్లు కట్టుకుని, అదే నేల మీద ఆడుకునే బృందాలు, అంతే. సెయింట్ ఆండ్రూస్‌లో కాపురముండేవారికీ అక్కడి విశ్వవిద్యాలయ విద్యార్థులకూ ఏడాది టికెట్టు దొరుకుతుంది. సందర్శకుడు ఓల్డ్ కోర్సు కోసం లాటరీలో పేరు వేసి ఎదురుచూస్తుంటే, అక్కడ చదివే మన కుర్రాడు సాయంత్రం క్లాసు అయ్యాక జూబిలీ కోర్సుకో ఈడెన్ కోర్సుకో నడుచుకుంటూ పోవచ్చు. ఓల్డ్ కోర్సు ఆదివారాలు ఆటకు మూసి ఉంటుంది. ఆ రోజు ఊరి జనం పిల్లలతో, కుక్కలతో ఫెయిర్‌వేల మీద షికారు చేస్తారు. ప్రపంచంలో ఇంత పేరున్న మైదానం ఊరికి పార్కుగా పనికొస్తోందంటే నాకు ఆ ఊరి మీద గౌరవం పెరిగింది.

అయితే ఎడిన్‌బరోలో ఉండేవాడు సెయింట్ ఆండ్రూస్ గురించి కలలు కనడం దండగ. సిటీ బస్సెక్కితే మసల్‌బరో ఉంది. గుర్రప్పందాల ట్రాక్ లోపల తొమ్మిది గుంటల పాత లింక్స్, 1874 నుంచి 1889 మధ్య ఆరుసార్లు ఓపెన్ జరిగిన నేల. పందాలున్న రోజులు మాత్రం చూసుకుని వెళ్లాలి. ఊరి మధ్యలో బ్రంట్స్‌ఫీల్డ్ లింక్స్‌లో వేసవిలో 36 చిన్న గుంటలుంటాయి, డబ్బు కట్టక్కర్లేదు. బంప్ అండ్ రన్ అక్కడ దిద్దుకుంటే ఖర్చు బంతుల వరకే. డండీవాళ్లకు కార్నూస్టీ రైల్లో దగ్గరే. పేరుమోసిన ఛాంపియన్‌షిప్ కోర్సును వదిలి దాని పక్కనున్న బర్న్‌సైడ్ చూడండి, గాలీ నేలా అవే. చమురు కంపెనీల ఉద్యోగాలతో అబర్డీన్ చేరినవారికి ఊరి అంచునే కింగ్స్ లింక్స్ ఉంది. గ్లాస్గోవాళ్లు గంటలోపు రైల్లో ట్రూన్ చేరితే అక్కడ కౌన్సిల్ నడిపే మైదానాలున్నాయి.

ఇద్దరూ కలిసి వెళ్తున్న దంపతులకు ఇంకో మాట. క్లబ్బు ఎంచుకునేటప్పుడు ఆడవాళ్లకు ఏ రోజుల్లో ఏ వేళల్లో చోటు ఇస్తారో స్పష్టంగా అడగండి. ఆట నియమాలు ప్రపంచానికి చెప్పిన ఆర్ అండ్ ఏ క్లబ్బే 2014 దాకా మహిళలను చేర్చుకోలేదు. మ్యూర్‌ఫీల్డ్ 2017లో గానీ ఒప్పుకోలేదు. ఇప్పుడు కాలం మారింది, కొన్ని చోట్ల గోడలు మాత్రం పాతవే. సెయింట్ ఆండ్రూస్‌లో 1867 నుంచీ ఒక మహిళల పుట్టింగ్ క్లబ్బు ఉంది. ఎగుడుదిగుడుగా గుట్టలు గుట్టలుగా ఉండే వాళ్ల పచ్చికను హిమాలయాలు అంటారు. కాసింత రుసుము కడితే ఎవరైనా ఆడొచ్చు. పిల్లలకు ఆట అలవాటు చెయ్యడానికి అంతకన్నా మంచి చోటు నాకు తెలియదు.

క్యాడీ అలవాటు ఇక్కడే వదిలిపెట్టి విమానం ఎక్కండి. అక్కడ ఎవరి సంచి వాళ్లే మోస్తారు, లేదా ట్రాలీ లాగుతారు. ఎవరు తవ్విన పెళ్ల వాళ్లే పెట్టి తొక్కుతారు, ఎవరు దిగిన బంకర్ వాళ్లే చదును చేస్తారు. వెనక వేగంగా వచ్చేవాళ్లకు దారి ఇస్తారు. నాలుగు గంటలు దాటిన ఆటను నేరంలా చూస్తారు. హ్యాండిక్యాప్ గురించి బెంగ వద్దు. 2020లో వచ్చిన ప్రపంచ పద్ధతి మన దేశంలోనూ ఉంది కాబట్టి మీ లెక్క అక్కడికి పనికొస్తుంది. బయల్దేరే ముందు ఇక్కడి క్లబ్బు నుంచి రికార్డు తీసుకెళ్తే చాలు. అసలు లేనివాళ్లు 54 గుంటల స్కోర్లు అప్పజెబితే కొత్తది ఇస్తారు.

సెప్టెంబరులో దిగగానే ఏడాది చందా కట్టేయకండి. చలికాలంలో సందర్శకుల రుసుము చాలా చోట్ల తగ్గుతుంది. ఆ నెలల్లో రెండు మూడు కోర్సులు తిరగండి. నవంబరులో ఒక ముసురు పట్టిన మధ్యాహ్నం, ఎదురుగాలిలో, సొంత సంచి మోసుకుంటూ ఆడి, మర్నాడు కూడా వెళ్లాలనిపించిన చోటే చందా కట్టండి.