వేలెడంత చేప, ఒంటినిండా దీపాలు

మృగశిర కార్తె నాడు బేగంబజార్ చేపల మార్కెట్‌లో కాలు పెట్టే సందుండదు. కొరమీను, రవ్వ, బొచ్చె... బేరాలన్నీ వీటి మీదే. ఆ బుట్టల్లోకి రాని చేప ఒకటుంది. ఎంత పెరిగినా ఏడు సెంటీమీటర్లే. లాంతరు చేపల కుటుంబంలోది, శాస్త్రీయ నామం బెంథోసెమా టెరోటమ్. మన బంగాళాఖాతం చేపే. ఇన్వెస్టిగేటర్ సర్వే ఓడలో వైద్యుడిగా, జీవశాస్త్రజ్ఞుడిగా పనిచేసిన ఆల్‌కాక్ 1890లో దీన్ని మొదట వర్ణించాడు.

దీన్ని వెల్లకిలా తిప్పి భూతద్దంతో చూడాలి. పొట్ట పొడవునా వరుసగా చుక్కలుంటాయి. ఒక్కో చుక్కా ఒక దీపం. అడుగున నల్లటి పొర, వెలుగు ఒంట్లోకి ఇంకకుండా. దాని మీద వెండిలా మెరిసే పొర. గోడదీపం వెనక రేకు చేసే పనే ఇదీ చేస్తుంది. ఈ రెండు పొరలూ కలిసిన గిన్నెలో కాంతి పుట్టించే కణాలు. పైన మూతగా చేప పొలుసే ఉబ్బి, కటకంగా మారింది! కొన్ని సముద్రపు చేపలు బ్యాక్టీరియా వెలుగును అరువు తెచ్చుకుంటాయి. ఇది తన నీలి వెలుగును తానే పుట్టించుకుంటుంది.

ఇన్ని దీపాలూ కనబడకుండా ఉండటానికే. పైనుంచి దిగే మసక వెలుతురులో, కింద పొంచి ఉన్న వేటచేపకు దీని ఆకారం నల్లటి నీడలా కనిపిస్తుంది. పొట్ట దీపాలు అంతే వెలుగును కిందికి చిమ్మి ఆ నీడను చెరిపేస్తాయి. వెలుగుతో దాక్కోవడం! ఈ పనితనం ముందు నాకు మాట రాదు.

ఈ చేపలు పగలు ప్రాణవాయువు తక్కువైన లోతుల్లో ఉండి, చీకటి పడగానే మేతకు పైకి వస్తాయి. రెండో ప్రపంచ యుద్ధకాలంలో ధ్వనితో లోతు కొలిచే సోనార్‌లో, సముద్రపు అడుగులా భ్రమింపజేస్తూ రాత్రిళ్లు పైకి లేచే పొర కనిపించి నావికులు తికమకపడ్డారు. ఆ పొరలో లాంతరు చేపల మందల వాటా పెద్దది.

ఈ కుటుంబంలో దాదాపు 250 జాతులున్నాయి. దీపాల అమరిక జాతికో తీరు. శాస్త్రజ్ఞులు గుర్తుపట్టేదీ దాన్ని చూసే. కానీ వలలో రాపిడికి పొలుసులు రాలి, కటకాలు పోతాయి. అందుకే చెక్కుచెదరని చేప దొరకడం అరుదు. తీరంలో జీవశాస్త్రం చదివే పిల్లలకు నా మనవి: లోతు సముద్రపు రొయ్యల వలలో ఇలాంటి చిన్న చేప పడితే చెత్తలో వేయకండి. పొట్ట తిప్పి దీపాలు లెక్కపెట్టండి.