పెడలు అందితే చాలు

జనవరి మొదటి వారం వచ్చిందంటే మా ఇంట్లో జాజ్ పియానిస్టు మిషెల్ పెత్రుచియానీ రికార్డులు బయటికొస్తాయి. 1999 జనవరి 6న న్యూయార్క్‌లో పోయాడు. అప్పటికి ముప్ఫై ఆరేళ్లు. జాజ్ అంటే చెవి కోసుకునేవాళ్లకు ఆ పేరు కొత్త కాదు. తక్కినవాళ్లకు పరిచయం చేయబోతే మాత్రం ఓ చిక్కుంది. ముందే ఫొటో చూపిస్తే "అయ్యో పాపం" అంటారు. ఆ తర్వాత ఎంత గొప్ప ముక్క వినిపించినా ఆ జాలితోనే వింటారు. అందుకని నేను ముందు ఆయన కట్టిన 'లుకింగ్ అప్' పెడతాను. వాయిస్తున్న మనిషి ఎలా ఉంటాడో చెప్పమంటాను. పొడగరి అంటారు, కండపుష్టి ఉన్నవాడంటారు. కుడిచేతి దెబ్బ అలాంటిది మరి. ఎంత వేగంలోనైనా ఏ స్వరానికి ఆ స్వరం విడిగా, నిండుగా పలుకుతుంది.

మనిషి మూడడుగులు. పుట్టుకతోనే పెళుసు ఎముకల జబ్బు. ఎముకకు పట్టునిచ్చే కొల్లాజెన్ అనే ప్రొటీన్ జన్యులోపం వల్ల సరిగ్గా తయారు కాదు. చిన్న తాకిడికే ఎముక విరుగుతుంది, ఒళ్లు ఎదగదు. మిషెల్‌కి చిన్నతనమంతా కట్లతోనే గడిచింది. పెద్దయ్యాక కూడా ఊతకర్రలైనా ఉండాలి, ఎవరైనా ఎత్తుకునైనా వెళ్లాలి. చేతులు మాత్రం మామూలు పొడవే.

1962 డిసెంబర్ 28న ఫ్రాన్స్‌లోని ఆరాంజ్ పట్టణంలో పుట్టాడు. ఇటలీ నుంచి వచ్చిన కుటుంబం, తండ్రి టోనీ గిటారు విద్వాంసుడు. నాలుగేళ్లప్పుడు టీవీలో జాజ్ దిగ్గజం డ్యూక్ ఎల్లింగ్టన్ పియానో వాయిస్తుంటే చూసి, నాక్కూడా అది కావాలని పేచీ పెట్టాడు. బొమ్మ పియానో తెచ్చిచ్చారు. వాయించి చూశాడు. టీవీలో విన్న నాదం రాలేదు. సుత్తి తీసుకుని దాన్ని బద్దలు కొట్టాడు! ఆయన కథలో నాకు అన్నిటికంటే నచ్చిన ఘట్టం ఇదే. జబ్బు పిల్లాడు కదా, ఏదో ఒకటి చేతిలో పెడితే సరిపోతుందిలే అనుకోవడం ఏ ఊళ్లోనైనా ఉన్నదే. ఈ పిల్లాడు సరిపెట్టుకోలేదు. దాంతో అసలు పియానో ఇంటికొచ్చింది.

వచ్చింది సరే, కాళ్లు పెడళ్లకు అందాలి కదా. మన పద్యనాటకాల్లో లెగ్ హార్మోనియం చూసినవాళ్లకు ఈ ఇబ్బంది ఇట్టే అర్థమవుతుంది. అక్కడ కాళ్లు ఆగితే గాలి ఆగుతుంది, పెట్టె మూగబోతుంది. పియానో మూగబోదు గానీ పొడిబారిపోతుంది. లోపల తీగల మీద ఫెల్టు అంటించిన చిన్న చిన్న దిమ్మలు ఆనుకుని ఉంటాయి. మెట్టు నొక్కితే దాని దిమ్మ లేస్తుంది, వేలు తీయగానే మళ్లీ తీగ మీద పడి మోత ఆపేస్తుంది. కుడివైపు పెడలు తొక్కితే దిమ్మలన్నీ ఒక్కసారే లేస్తాయి. వేలు తీసినా స్వరం మోగుతూనే ఉంటుంది, పక్క తీగలు కూడా వంత పలుకుతాయి. ఎప్పుడు తొక్కాలి, ఎప్పుడు వదలాలి అన్నదే ఓ విద్య. వదలడం ఆలస్యమైతే స్వరాలన్నీ ముద్దయిపోతాయి. అందుకే పెడళ్లను మిషెల్ పాదాల ఎత్తుకు తెచ్చే సాధనం ఒకటి ప్రత్యేకంగా అమర్చారు. పక్కవాళ్లు చేయగలిగింది అంతవరకే. మిగతాదంతా ఏళ్ల తరబడి శాస్త్రీయ పియానో సాధన. దాన్ని ఆయన బదులు ఇంకెవరూ చేయలేరు.

పదమూడేళ్లకు పెద్దల సరసన కూర్చున్నాడు. ఒక ఉత్సవంలో ట్రంపెట్ విద్వాంసుడు క్లార్క్ టెర్రీకి పియానిస్టు అవసరమైతే ఈ పిల్లాణ్ని తీసుకొచ్చారు. ఎవరో వేళాకోళమాడుతున్నారని టెర్రీ మొదట అనుకున్నాడట. వాయించడం మొదలయ్యాక ఆ అనుమానం తీరిపోయింది. తర్వాత కాలిఫోర్నియా వెళ్లి, సముద్రపు ఒడ్డున బిగ్ సర్‌లో ఉంటున్న చార్లెస్ లాయిడ్‌ను కలిశాడు. లాయిడ్ పేరున్న శాక్సఫోన్ విద్వాంసుడు. కచేరీలకు దూరమై, ధ్యానం చేసుకుంటూ ఉన్నాడు. ఇరవై ఏళ్లయినా నిండని ఈ కుర్రాడి వాయిద్యం విన్నాక మళ్లీ శాక్సఫోన్ పట్టి, అతన్ని వెంటబెట్టుకుని ఊరూరా కచేరీలు చేశాడు. మన లెక్కలో సాయం అందుకోవలసినవాడు మిషెల్. జరిగింది తిరగబడి జరిగింది.

వినేవాళ్లకు ఓ మాట. 1994లో పారిస్‌లోని షాంజ్ ఎలీజే థియేటర్‌లో ఒక్కడే కూర్చుని వాయించిన కచేరీ దొరికితే వదలొద్దు. మొదటి ముక్కే దాదాపు నలభై నిమిషాలు, ఇష్టమైన పాటల గుత్తి. నేను దాన్ని పెడలు కోసం వింటాను. ఎడమచేతి మంద్రం మోగుతుండగానే పెడలు వదిలేసి, పైస్వరాలను పొడిపొడిగా దులుపుతాడు. పొడిదనం కూడా ఆయన ఇష్టపడి వేసుకున్నదే అని అక్కడ తెలుస్తుంది. అంతకు ముందు ఏడాదే 'ప్రొమెనాడ్ విత్ డ్యూక్' అని ఎల్లింగ్టన్‌కి అంకితంగా ఓ రికార్డు చేశాడు. సుత్తి పట్టిన పిల్లాడి బాకీ అలా తీరింది.

సరదా మనిషి. తన పొట్టితనం మీద తనే జోకులేసేవాడు. చివరి ఏళ్లలో ఏడాదికి వంద పైచిలుకు కచేరీలు. ఊపిరితిత్తుల ఇన్ఫెక్షన్‌తో పోతే పారిస్‌లోని పేర్ లషేజ్ శ్మశానంలో, పియానో స్వరకర్త షోపాన్ సమాధికి దగ్గర్లో పూడ్చిపెట్టారు.

ఇదంతా పరాయి దేశపు ముచ్చట అనుకోనక్కర్లేదు. 1919లో విజయనగరంలో సంగీత కళాశాల పెట్టడానికి కారణం, మహారాజుగారి కొలువులోని ఒకాయన కొడుకు, చూపులేని కుర్రాడు, సంగీతం నేర్చుకోవాలనుకోవడమే అని చెబుతారు. అదే కాలేజీలో విద్యార్థిగా చేరదామని వచ్చిన ద్వారం వెంకటస్వామి నాయుడుగారి వయొలిన్ విని, ఏకంగా ఆచార్యుడి కొలువిచ్చారు. ఆయనకీ చూపు బాగా తక్కువే. 1936లో ఆ కాలేజీకి ప్రిన్సిపాల్ కూడా అయ్యారు. ద్వారంవారి కమాను గురించి మాట్లాడుకునేవాళ్లే గానీ, కళ్ల గురించి జాలిపడ్డవాళ్లు నాకు తగల్లేదు. వినడమంటే అది.

ఇప్పుడు మన సభల్లో వేదికకు నాలుగు మెట్లుంటాయి, పక్కన ర్యాంపు ఉండదు. వీల్‌చైర్‌లో వచ్చిన పిల్లాణ్ని ముందు వరసలో కూర్చోబెట్టి, శాలువా కప్పి, చప్పట్లు కొట్టించడం మనకు బాగా వచ్చు. ఆ శాలువా డబ్బులతో ఒక చెక్క ర్యాంపు చేయించండి. వాయిద్యం వాడి చేతికి, కాలికి అందేలా చేయగల వడ్రంగి ఎవరో కనుక్కోండి. సాధన సంగతి వాడే చూసుకుంటాడు.