చీలిన ఉంగరం

బీఎంఎక్స్ సైకిలు మెడ నుంచి రెండు పనులు ఆశిస్తాం. ఆ రెంటికీ ఒకదానితో ఒకటి పొసగదు. బార్‌స్పిన్ చేసే కుర్రాడు గాల్లో ఉండగా హ్యాండిల్‌ను ఒక్క తోపు తోసి వదిలేస్తాడు. అది నిండుగా ఒక చుట్టు తిరిగి మళ్లీ అరచేతుల్లోకి రావాలి. అంటే ఫోర్కు ఎక్కడా పట్టేయకుండా జారాలి. మరుక్షణం మనిషీ సైకిలూ కలిసి కాంక్రీటు మీద దిగుతారు, ఒక్కోసారి ముందు చక్రమే మొదట తగులుతుంది. ఆ దెబ్బ ఫోర్కు గుండా నేరుగా పైకెక్కుతుంది. అప్పుడు మెడలో వెంట్రుకవాసి కదలిక కూడా ఉండకూడదు. ఈ రెండు పనులూ చేసేది ఫ్రేము ముందు గొట్టంలో దాగి ఉండే హెడ్‌సెట్. తూకం వేస్తే వంద గ్రాములకు అటూ ఇటూగా తూగుతుంది.

మోటార్ సైకిల్లో ఈ పని చేసే భాగాన్ని మన మెకానిక్కులు కోన్ సెట్ అంటారు. గుంతలో పడ్డప్పుడల్లా హ్యాండిల్ దగ్గర టక్కుమంటే, బండి దిగకముందే ‘కోన్ సెట్ పోయింది’ అని తేల్చేస్తారు. బీఎంఎక్స్‌లోనూ అదే పని, కాకపోతే ఇక్కడ దెబ్బను మింగడానికి ఫోర్కులో స్ప్రింగులు ఉండవు. టైరులో గాలి, నడిపేవాడి మోచేతులు, మోకాళ్లు ఎంత ఆపితే అంత. మిగిలిందంతా హెడ్‌సెట్ నెత్తినే.

పెట్టె విప్పి చూస్తే మొదట నిరాశే కలుగుతుంది. నల్ల రబ్బరు సీళ్లున్న బేరింగులు రెండు, పైన కప్పే మూత, కాగితమంత పలచని వాషర్లు ఒకటో రెండో. ఫోర్కు గొట్టం అడుగున వేసే ఏటవాలు అంచు రింగు కూడా ఉంటుంది గానీ అది చాలామందికి అక్కర్లేదు, ఇప్పటి బీఎంఎక్స్ ఫోర్కుల్లో ఎక్కువవాటికి ఆ ఏటవాలు అంచును ఫోర్కు మీదే కోసి ఇస్తున్నారు. ఇక ప్లాస్టిక్ సంచి మూలన, ఒకచోట చీలి ఉన్న సన్నటి ఉంగరం కనిపిస్తుంది. కంప్రెషన్ రింగు. అట్టపెట్టె మీద బేరింగుల గొప్పలు ఉంటాయి, మూత ఎన్ని రంగుల్లో దొరుకుతుందో ఉంటుంది, దీని ఊసు మాత్రం ఉండదు. నన్నడిగితే హెడ్‌సెట్ మంచిచెడ్డలు తేల్చడానికి ముందుగా చేతిలోకి తీసుకోవాల్సింది దీన్నే.

దాన్ని వెలుతురుకు పట్టి చూడండి. లోపలి గోడ నిటారుగా ఉంటుంది. ఫోర్కు గొట్టం బయటి వ్యాసం 28.6 మిల్లీమీటర్లు, అంటే అంగుళం మీద ఎనిమిదో వంతు. ఆ గొట్టానికి సరిపోయే కొలత అది. బయటి గోడ మాత్రం 45 డిగ్రీల వాలు. బేరింగు లోపలి అంచునూ సరిగ్గా అదే వాలుకు చెక్కి ఉంటారు. బేరింగు లోపలి వ్యాసం 30 మిల్లీమీటర్లు దాటుతుంది కనుక దానికీ ఫోర్కు గొట్టానికీ నడుమ కొంత ఖాళీ తప్పదు. ఆ ఖాళీలోకి దిగాల్సింది ఈ ఉంగరం.

పైనున్న బోల్టు బిగిస్తే, హ్యాండిల్‌ను ఫోర్కు గొట్టానికి కలిపే స్టెమ్ కిందికి దిగుతుంది. స్టెమ్ తన కింద ఉన్న స్పేసర్ రింగులను తోస్తుంది, అవి మూతను, మూత ఉంగరాన్ని. ఉంగరం బేరింగు వాలులోకి జారుతుంది. జారినకొద్దీ చీలిక మూసుకుంటూ పోయి, గొట్టాన్ని చుట్టూ సమంగా పట్టేస్తుంది. పైనుంచి తోసిన తోపు పక్కలనుంచి పట్టే పట్టుగా మారిపోయింది. గొట్టం తనంతట తానే బేరింగు నడిమధ్యకు వచ్చి నిలుస్తుంది. కొలిచి కూర్చోబెట్టే పని మనకు ఉండదు.

చీలిక లేదనుకోండి. ఉంగరం గొట్టం మీదికి దిగాలంటే కాస్త లూజుగా చేయాలి, లూజుగా చేస్తే పట్టదు. బిగువుగా చేస్తే దిగనే దిగదు. ఒక్క రంపపు కోతతో ఆ చిక్కంతా తీరిపోయింది! ఇంత తక్కువ లోహంతో ఇంత పని చేయించుకున్న భాగం సైకిల్లో ఇంకోటి ఉందంటే నేను ఒప్పుకోను.

మంచి ఉంగరానికి కోత అంచులు నున్నగా ఉంటాయి. గోరుతో గీస్తే ఎక్కడా పట్టుకోదు. వాలు మీద లేత్ గీతలు సన్నగా, ఒకే దూరంలో సాగుతాయి. నాసిరకం దాంట్లో కోత దగ్గర లోహపు ముల్లు మిగిలిపోయి వేలికి గుచ్చుకుంటుంది. రేపు అదే ముల్లు ఫోర్కు గొట్టాన్ని కూడా గీస్తుంది. చవక సెట్లలో ప్లాస్టిక్ ఉంగరం వస్తుంది. వీధిలో తిరిగేవాడికి అదీ నడుస్తుంది. మెట్ల మీంచి దూకేవాడికి మాత్రం దెబ్బ మీద దెబ్బ తగిలి ప్లాస్టిక్ నలుగుతుంది, పట్టు సడలుతుంది, బోల్టు ఎన్నిసార్లు బిగించినా వారానికల్లా మళ్లీ లూజవుతుంది. అప్పుడు తప్పంతా బేరింగుల మీదికి పోతుంది.

బేరింగుల సంగతికి వద్దాం. చక్రం ఇరుసులో వాడే మామూలు బేరింగు పక్కనుంచి వచ్చే బరువును బాగా మోస్తుంది, ఇరుసు పొడవునా వచ్చే తోపును అంతగా మోయలేదు. సైకిలు మెడలో రెండూ వస్తాయి. అందుకే ఇక్కడ ఆంగ్యులర్ కాంటాక్ట్ బేరింగులు వాడతారు. వాటిలో గోళీలు తిరిగే గాడులను ఏటవాలుగా ఎదురెదురు పెడతారు కాబట్టి, కిందినుంచి వచ్చే గుద్దు గోళీ గుండా ఏటవాలుగా పోయి బయటి రింగుకు, అక్కణ్నుంచి ఫ్రేముకు చేరుతుంది. గుద్దులో పెద్ద వాటా కింది బేరింగుదే, పైది ఎక్కువగా పక్క ఊపునే ఆపుతుంది. అయినా బీఎంఎక్స్ ఫ్రీస్టైల్ ఫ్రేముల్లో మామూలుగా రెండూ ఒకే కొలత. మౌంటెన్ బైకుల్లో కింది బేరింగు లావెక్కి చాలాకాలమైంది. ఇక్కడ మారకపోవడం వల్ల ఒక లాభం ఉంది: కిందిది గరగరలాడటం మొదలుపెడితే దాన్ని తీసేసి, పెద్దగా అరగని పైదాన్ని కిందికి దించి, కొత్తదాన్ని పైన వేసుకోవచ్చు.

కొనేటప్పుడు దెబ్బ తినేది కొలతల దగ్గరే. బేరింగు గూడు ఫ్రేములోనే ఉండే ఇంటిగ్రేటెడ్ బీఎంఎక్స్ ఫ్రేముల్లో ఎక్కువవాటిని కాంపీ రకం అంటారు, ఇటలీ కంపెనీ కాంపాన్యోలో పేరు మీద. బేరింగు బయటి వ్యాసం 41.8 మిల్లీమీటర్లు, లోపలి వాలూ బయటి వాలూ 45 డిగ్రీలే. బేరింగు పక్క గోడ మీద తరచు 45×45 అని చెక్కి ఉంటుంది. దీనికి దగ్గరి చుట్టం ఇంకొకటి ఉంది: 41 మిల్లీమీటర్లు, 36×45. అంటే బయటి వాలు 45, లోపలిది 36. అది ఈ ఫ్రేములో పెడితే చక్కగా జారి కూర్చుంటుంది, బయటి వాలు కుదిరింది కదా. ముప్పు అక్కడే. వ్యాసంలో ముప్పాతిక మిల్లీమీటరు పైచిలుకు తేడా ఉండటంతో అది గూటిలో కదులుతుంది. లోపల 45 డిగ్రీల ఉంగరం 36 డిగ్రీల వాలు మీద ఒక్క గీతలో మాత్రమే ఆనుతుంది. మొత్తం బరువు ఆ గీత మీదే. షాపువాడు ‘అన్నీ ఒకటే’ అంటే నమ్మొద్దు. పాత బేరింగు వెంట తీసుకెళ్లి అంకెలు కలిపి చూసుకోవాలి.

ఈ ఏర్పాటు ఒక్కరోజులో రాలేదు. 1970లలో కాలిఫోర్నియా మట్టి ట్రాకుల మీద పిల్లలు ష్విన్ స్టింగ్‌రే లాంటి సైకిళ్లతో మోటోక్రాస్ ఆట ఆడుతున్నప్పుడు హెడ్‌సెట్ అంటే కప్పులు, కోన్లు, చట్రంలో గుచ్చిన గోళీలు. ఫోర్కు గొట్టం పైకొసన మర కోసి, దాని మీద నట్టు, దాని పైన లాకు నట్టు బిగించేవారు. రెండు స్పానర్లు కావాలి. ఒకటి బిగిస్తుంటే రెండోది తిరిగేది. మన ఊళ్లలో బీఎంఎక్స్ పేరుతో పిల్లలకు అమ్మే చవక సైకిళ్లలో చాలావాటికి ఇప్పటికీ ఇదే ఏర్పాటు, పంచర్ షాపు అబ్బాయి గ్రీజు పూసి గోళీలు మార్చి ఇస్తాడు. జాన్ రేడర్ అనే అమెరికన్ మర అక్కర్లేని పద్ధతికి 1992లో పేటెంటు పొందాడు. డయా-కాంపే కంపెనీ దాన్ని అహెడ్‌సెట్ పేరుతో బజారులోకి తెచ్చింది. ఆ పద్ధతిలో బోల్టు కేవలం నొక్కుతుంది, పట్టుకునేది స్టెమ్. పైన చెప్పిన ఉంగరం విద్య అంతా దాని మీద నిలిచిందే.

ఆ తర్వాతి మెట్టు మీద పెద్ద తగవే నడిచింది. అంతకుముందు బేరింగులు కప్పుల్లో కూర్చునేవి, కప్పులను 34 మిల్లీమీటర్ల గూటిలోకి ప్రెస్ పెట్టి దించేవారు. ప్రెస్ లేని కుర్రాళ్లు చెక్కముక్క పెట్టి సుత్తితో కొట్టేవారు. ఒకపక్క ముందు దిగి గూడు కోలగా సాగిపోయేది. ఇంటిగ్రేటెడ్ పద్ధతి కప్పులను తీసేసి, బేరింగు గూటిని ఫ్రేము గొట్టంలోనే కోసేసింది. చేత్తో పెట్టొచ్చు, చేత్తో తీయొచ్చు. దీన్ని గట్టిగా వ్యతిరేకించినవాడు క్రిస్ కింగ్. 1976లో కాలిఫోర్నియాలోని సాంటా బార్బరాలో హెడ్‌సెట్లు మొదలుపెట్టి, తర్వాత పోర్ట్‌లండ్‌కు మారిన కంపెనీ ఆయనది. బేరింగులు సొంతంగా చేసుకుంటుంది. సన్నటి తీగ రింగును సూదిమొనతో లేపితే సీలు బయటికి వస్తుంది, లోపల కడిగి, గ్రీజు పెట్టి, మళ్లీ మూసేయొచ్చు. అలాంటి పనివాడు అడిగిన ప్రశ్న న్యాయమైనదే: కప్పు అరిగితే కప్పు మారుస్తాం, ఫ్రేములో గూడే అరిగితే ఏం మారుస్తాం?

ఆయన భయం పలచని అల్యూమినియం ఫ్రేముల విషయంలో నిజమేననిపిస్తుంది. బీఎంఎక్స్‌లో మాత్రం కథ వేరు. ఇక్కడి మంచి ఫ్రేములు 4130 క్రోమోలీ ఉక్కువి, మెడ గొట్టం గోడ దళసరిగా ఉంటుంది, గూడు యంత్రం మీద కోస్తారు. సుత్తి దెబ్బలతో పాడయ్యే మెడలతో పోలిస్తే అరుగుదలతో పాడయ్యేవి తక్కువే. ఇక్కడ ఇంటిగ్రేటెడ్ పద్ధతి పక్షమే నాది. అయినా కింగ్ హెడ్‌సెట్ చేతిలోకి తీసుకున్న ప్రతిసారీ, పాడైతే పారేసే మన బేరింగుల మీద కాస్త చిన్నచూపు కలగకమానదు.

అరుగుదల అన్నాక ఒక పాత అపోహ సంగతీ చెప్పాలి. హ్యాండిల్ తిన్నగా ఉన్నప్పుడు టిక్కుమని ఒకచోట ఆగుతుంటే, దూకిన దెబ్బకు గోళీలు గాడిలో గుంటలు పెట్టాయంటారు. ‘ది బైసికిల్ వీల్’ రాసిన ఇంజనీరు జోబ్స్ట్ బ్రాంట్ దీన్ని ఒప్పుకోలేదు. సైకిలు ఎక్కువసేపు తిన్నగానే పోతుంది. ఫోర్కు సన్నగా వంగుతూ లేస్తూ ఉంటే గోళీలు ఒకేచోట అటూ ఇటూ రాచుకుంటాయి, అక్కడి గ్రీజు పక్కకు పోతుంది, లోహం లోహాన్ని కొరుకుతుంది. గుంటలు అలా పడతాయన్నది ఆయన వాదన. అదే నిజమైతే బేరింగులో ఉక్కు ఎంత గట్టిదో చూడటంతోపాటు గ్రీజు నిండుగా ఉందో లేదో కూడా చూడాలి. కొత్త బేరింగు వేలి మీద బొంగరంలా తిరుగుతోందని మురిసిపోవద్దు. సీలు కాస్త పట్టి, గ్రీజు కాస్త బరువుగా, మెల్లగా సాగాలి. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి ఊళ్లలో స్టెయిన్‌లెస్ బేరింగులకు పెట్టిన డబ్బు దండగ పోదు. మిగతా చోట్ల మంచి సీళ్లున్న మామూలు ఉక్కు చాలు.

మూత గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. రంగు మీ ఇష్టం. హ్యాండిల్ తిరిగినా బ్రేకు తీగ చుట్టుకోకుండా చూసే గైరో పెట్టుకునేవాళ్లు ఎత్తు చూసుకోవాలి. అయితే మూత అడుగు అంచుకూ ఫ్రేముకూ నడుమ సన్నటి సందు ఉండి తీరాలి. మూత ఫ్రేముకు తగిలితే మీరు బిగించే బిగువంతా ఫ్రేము మీదికి పోతుంది, ఉంగరానికి చేరదు. పెట్టెలో వచ్చిన ఆ కాగితంలాంటి వాషర్లు అందుకే. ఒకటి వేస్తే మూత పావు మిల్లీమీటరు లేస్తుంది.

బిగించేటప్పుడు గూటికీ, ఉంగరం వాలుకూ పలచగా గ్రీజు పూయాలి. స్టెమ్ పక్క బోల్టులు వదులు చేసి, పై బోల్టును కొద్దికొద్దిగా తిప్పాలి. బీఎంఎక్స్‌లలో చాలావాటికి ముందు బ్రేకు ఉండదు కాబట్టి, బ్రేకు పట్టి ఊపి చూసే మామూలు పరీక్ష పనికిరాదు. హ్యాండిల్‌ను పక్కకు పూర్తిగా తిప్పి, ముందు చక్రం నేలకానించి, మూతకూ ఫ్రేముకూ మధ్య సందు మీద చూపుడువేలు పెట్టి ముందుకూ వెనక్కూ ఊపాలి. కంటికి కనపడని లూజు వేలికి తెలుస్తుంది. వేలికేమీ తెలియనప్పుడు ముందు చక్రం గాల్లోకి ఎత్తి హ్యాండిల్ వదలాలి, అది తన బరువుతో తానే పక్కకు వాలిపోవాలి. వాలకుండా నిలిచిపోతే పై బోల్టు పావు చుట్టు వెనక్కి తిప్పి, మళ్లీ వేలు పెట్టి చూసి, అప్పుడు స్టెమ్ బోల్టులు రెండూ ఒకదాని తర్వాత ఒకటి మార్చిమార్చి బిగించాలి.