కాలనీ అంటే ఎక్కడ?

"మీదే ఊరు?" అంటే ఊరి పేరు చెప్తాను. అంతటితో వదలరు. "ఊళ్లోనా, కాలనీలోనా?" అని రెండో ప్రశ్న. నెల్లూరు సముద్రం పక్క పల్లెల్లో కులం అడగడానికి ఈ ఇంగ్లీషు మాట చాలు.

1984 నవంబరులో శ్రీహరికోట దగ్గర తీరం దాటిన తుఫానుకి మావాళ్ల తాటాకు గుడిసెలు పోయాయి. తర్వాత ఊరికి తూర్పున, ఉప్పుగాలికి ఎదురుగా పక్కా ఇళ్లు కట్టించారు. పట్టపువాళ్లది పాలెం, మాది మాలపల్లి అనేవాళ్లు అప్పటిదాకా. ఆ ఇళ్లతో కాలనీ అయింది. మా అవ్వ మాత్రం పోయేదాకా "పల్లెకి పోతుండా" అనేది. నాయనకి కాలనీయే ఇష్టం. బస్సులో నలుగురి ముందు మాలపల్లి అని చెప్పే బాధ తప్పిందని.

బీఎడ్‌లో ఉండగా నిఘంటువు తిరగేశాను. లాటిన్‌లో కొలోనియా అట. రోమనులు గెలిచిన నేలమీద తమవాళ్లని నిలిపిన చోటు. కొలోనస్ అంటే సాగుదారు. నవ్వొచ్చింది. కయ్యల్లో నాట్లూ కోతలూ మావాళ్లవే, సెంటు నేల మా పేరున లేదు. పరాయి నేలకి పోయి స్థిరపడినవాళ్ల మాట, పుట్టిన నేలమీదే పరాయివాళ్లమైన మాకంటింది. పట్నంలో బ్యాంకు కాలనీ అంటే అద్దె పెరుగుద్ది. పల్లెలో కాలనీ అంటే నీళ్లిచ్చే గ్లాసు మారుద్ది.

2025 ఏప్రిల్లో తమిళనాడు ముఖ్యమంత్రి స్టాలిన్ ఈ మాటని రికార్డుల్లోంచి తీసేస్తామని శాసనసభలో ప్రకటించాడు. "మంచిదే గదా సార్" అన్నాడు తోటి మాస్టారు. మంచిదే. కానీ అంతకుముందు 2024లో కేరళ ప్రభుత్వం కాలనీతోపాటు 'ఊరు' అన్న మాటనీ వద్దంది. అక్కడ ఊరంటే గిరిజనులుండే చోటు. ఇక్కడ మాకు ఊరంటే రానివ్వని చోటు. మరి మకిలి మాటలో ఉందా? మాలపల్లి పోయి హరిజనవాడ, అది పోయి ఎస్సీ కాలనీ. కొత్త పేరు పాతబడడానికి ఎన్నాళ్లు పట్టింది? ఉన్నవ లక్ష్మీనారాయణ 1922లో 'మాలపల్లి' అని నవల అట్టమీదే పెట్టాడు. నేను నెల్లూరులో అద్దెయిల్లు వెతికేటప్పుడు ఊరి పేరుతో ఆపేశాను. ఇల్లు దొరికింది.

మొన్న మా బడిలో ఒక పిల్ల స్కాలర్‌షిప్పు కాయితంలో కాలనీ అని రాసి, కొట్టేసి, ఉత్త ఊరి పేరు ఉంచింది. ఉత్తరం ఎట్టా చేరుద్దమ్మా అన్నాను.

"ఊళ్లోకి వస్తాది సార్. మా నాయన పోయి బయట నిలబడి తెచ్చుకుంటాడు."